గట్టు మీంచి కనిపించిన కప్పు

ఒక్క పెంకు చేతిలోకి తీసుకుంటే బరువనిపించదు. ఇంటి కప్పంతా ఒక్కడే మోస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పదకొండేళ్ళుగా మోస్తున్నాను. దించుకోడానికి చోటు దొరక్క మీ దగ్గరికి వచ్చేను.

మీరెవరో నాకు తెలీదు. అదే నా ధైర్యం. తెలిసినవాళ్ళతో చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేసి, నాలుగు తిట్లు తిని, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకునేవాణ్ణి. నా పేరు రాయను. ఊరి పేరూ రాయను. పి.గన్నవరం నుంచి కాలవ గట్టు పట్టుకుని వస్తే తగిలే ఊళ్ళలో ఒకటి అనుకోండి. మా ఊరివాళ్ళ చేతిలో ఇది పడితే రెండో పేజీకే నన్ను పట్టేస్తారు. ఆ భయం ఉంది. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచి వెళ్ళి వీధి తలుపు గడియ చూసొచ్చేను. వేసే ఉంది. వేసి ఉందని తెలిసే వెళ్ళేను.

నేను రైతుని. రెండెకరాల కొబ్బరితోట, కాస్త వరిచేను. కానీ ఊళ్ళో ఎవరూ నన్ను రైతు అనరు, సెక్రటరీగారంటారు. మా ఊరి సేవాసంఘానికి సెక్రటరీని. సంఘం అంటే పెద్దగా ఏం లేదండీ, ఒక మైకు సెట్టు, పాతిక కుర్చీలు, నేను. నాకూ మైకుకీ ఉన్న స్నేహం చూసి మా ఆవిడ, "దానికైనా స్విచ్చి ఉంది" అనేది. కరపత్రాలు నేనే రాసేవాణ్ణి. ప్రాస కుదిరిందంటే ఆ పూట కూర లేకపోయినా తెలిసేది కాదు. అర్జీలు కూడా నా దగ్గరే రాయించుకునేవారు. వితంతు పింఛను, రేషన్ కార్డు, ఇంటి స్థలం, ఏదైనా సరే. పింఛను అర్జీలో ఉపమానం పెట్టిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆ పెద్ద తుఫాను వచ్చినప్పుడు మా ఊళ్ళో కొబ్బరిచెట్లు నిలబడ్డవాటికంటే పడుకున్నవి ఎక్కువ. కాలవ గట్టు కింద పల్లంలో ఒక పేట ఉంది. అక్కడి పాకల మీద ఒక్క తాటాకు మిగల్లేదు. ప్రభుత్వం బియ్యం ఇచ్చింది, కిరసనాయిలు ఇచ్చింది. ఊరి తరఫున మనం ఏం చెయ్యాలి అని కూచుంటే నాకు పెంకుల సంగతి తట్టింది.

అప్పట్లో మా ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళంతా పెంకుటిళ్ళు పడగొట్టి డాబాలు కట్టుకుంటున్నారు. దించిన పెంకులు పారెయ్యడానికి మనసొప్పక, ప్రతివాళ్ళూ గొడ్లసావిడి వెనక దొంతర్లు పేర్చి ఉంచేరు. "అవి అక్కడ తేళ్ళకి కొంపలుగా ఎందుకండీ, మనుషులకి ఇళ్ళు చేద్దాం" అన్నాను. ఊరు ఊరంతా కదిలింది. బళ్ళ మీద పెంకులొచ్చేయి. ఒకరు సరుగుడు వాసాలిచ్చేరు. కప్పేవాళ్ళు కూలి వద్దన్నారు. పేటలో మరీ ఆధారం లేని నాలుగు కుటుంబాలు చూసి, వాళ్ళ పాకల మీద పెంకు కప్పించేం.

ఇంతవరకూ నేను మంచివాణ్ణే. ఇక్కడితో ఆపేసి కింద సంతకం పెట్టాలని ఎంత ఉందో మీకు తెలీదు.

ఆ నాలుగిళ్ళలో ఒకటి వీరవేణిది. ఆవిడ మొగుడు కొబ్బరి దింపు కూలీ. తుఫానుకి రెండేళ్ళ ముందే చెట్టు మీంచి పడి పోయేడు. ఆవిడ పీచు మిల్లుకి వెళ్ళేది. నానిన కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తియ్యడం, ఇంటికొచ్చి తాడు పేనడం. ఏడేళ్ళ కూతురు. మట్టిగోడల పాక, తలుపు బదులు తడిక. ఆ మట్టిగోడల నెత్తిన ఆరిళ్ళ పెంకులు ఎక్కేయి. ఒక్కో ఇంటి పెంకుది ఒక్కో ఎరుపు. ఇవి ఫలానావారి సావిడివి, అవి ఫలానావారి వంటింటివి అని మా ఊళ్ళో ఎవరైనా చూసి చెప్పగలరు. కుడిపక్క అంచున నలుపు తిరిగినవి మావి.

కప్పడం అయ్యేక సభ పెట్టేను. కప్పేక సభ దేనికంటారా? అదే నా జబ్బు. షామియానా వేయించి, మండలం నుంచి ఒక పెద్దమనిషిని పిలిచి, ఆయన చేతుల మీదుగా పసుపు రాసి బొట్టు పెట్టిన ఒక్క పెంకు వీరవేణికి అందించాలని ఏర్పాటు. నాలుగిళ్ళ తరఫునా ఆవిడే అందుకోవాలి. మిగతా మూడిళ్ళవాళ్ళూ వచ్చి ముందు వరసలో కూచున్నారు. ఆవిణ్ణి మైకులో మూడుసార్లు పిలిచేను. వేదికకీ వేదనకీ ఒక్క అక్షరమే తేడా అని ఆ రోజే తెలిసింది. ఆవిడ రాలేదు. పెద్దమనిషి ఆ పెంకు పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి నా చేతిలో పెట్టేరు. నాకే కప్పు లేనట్టు. జనం నవ్వేరు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేను. ఆవిడ గుమ్మంలో కూచుని తాడు పేనుతోంది. పైన ఇద్దరు కప్పేవాళ్ళు కొసపెంకులు సర్దుతున్నారు.

"ఏమ్మా, నిన్న సభకి రాలేదే?" అన్నాను.

"మిల్లుకి పోయేనండీ అన్నయ్యగారూ."

"ఒక్క పూట మానకూడదా? అంత పెద్దాయన వచ్చేరు."

"పెంకులిచ్చేరు, కప్పేరు. మీ అందరి పేరూ చెప్పుకుని పడుకుంటున్నామండీ. మళ్ళీ జనం ముందు నిలబడి పుచ్చుకోడం నాకు చేతకాదండీ." తాడు తొడ మీద ఒక తిప్పు తిప్పి నవ్వింది. "పెంకులు మొయ్యాలంటే పిలవండి, పరిగెత్తుకొస్తాను. మిమ్మల్ని మొయ్యడానికి మైకు ఉంది కదండీ!"

కప్పు మీద ఇద్దరూ పెంకులు వదిలేసి నవ్వేరు. "ఆయ్! బాగా చెప్పేవు వదినా!" అన్నాడు ఒకడు.

నేనూ నవ్వేను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు.

అందులో తప్పేముంది? ఇప్పటికి వందసార్లు అడుక్కున్నాను. ఆవిడ మర్యాద తప్పిందా? లేదు. అబద్ధం చెప్పిందా? అదీ లేదు. అలాంటి మాట నేను రోజూ పదిమంది మీద విసురుతాను, వాళ్ళు నవ్వుకుని పోతారు. నాకు తగిలింది ఎందుకంటే అది బాగుంది. నేను అనాల్సినంత బాగుంది. సాయంత్రానికి ఊరంతా పాకింది. కిళ్ళీకొట్టు దగ్గర ఒకాయన, "సెక్రటరీగారూ, ఇవాళ ఎవరు మోస్తున్నారండీ తమర్ని?" అని పలకరించేడు. దానికీ నవ్వేను. ఏడు నెలలు నవ్వేను. ఆ నవ్వంతా లోపల ఎక్కడో పులిసిపోతోందని నాకు తెలీలేదు. తెలీలేదని రాస్తున్నాను గానీ, నిజంగా తెలీదా?

తొలకరి పడ్డాక సర్వేకి ఒకాయన వచ్చేరు. పాతికేళ్ళుంటాయేమో, కొత్త బూట్లు, చేతిలో అట్ట. ఆ సర్వేని బట్టే ఎవరికి తెల్లకార్డు ఉండాలో, ఎవరికి ప్రభుత్వం పక్కా ఇల్లు ఇవ్వాలో తేలుతుంది. తెల్లకార్డు ఉంటే చవక బియ్యం వస్తాయి. ఇంట్లో సంపాదించే మొగాడు లేనిచోట ఆ బియ్యమే అన్నం. ఊరు తెలిసినవాణ్ణి కదాని నన్ను తోడు తీసుకెళ్ళేరు.

గట్టు మీద నిలబడితే పేటలో ఇళ్ళ కప్పులే కనిపిస్తాయి. గోడలు కనపడవు. కిందకి దిగే దారి మోకాలి లోతు బురద. ఆయన బురద చూసేరు, బూట్లు చూసుకున్నారు, నన్ను చూసేరు. "మీరు చెప్పండి, నేను రాసేసుకుంటాను" అన్నారు.

చెప్పేను. సంఘం పెంకులు వేసిన మొదటి ఇల్లు వచ్చింది. "ఇది పెంకుటిల్లాండీ?" అన్నారు. "కాదండీ, మట్టిగోడలు. అది పాకే. పెంకులు మావి" అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను. పాక అని రాసుకున్నారు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది వీరవేణిది. ఆయనకి నా వరస అర్థమైపోయింది. పెన్ను కాగితం మీద ఆనించి, తల ఎత్తకుండానే, "ఇదీ పాకేనా?" అన్నారు.

అవునని ఒక్క ఆయ్ అంటే సరిపోయేది. మా గోదావరివాళ్ళం నిద్దట్లో కూడా అనే మాట అది.

"అబ్బే. అది పెంకుటిల్లేనండీ" అన్నాను.

ఆయన రాసేసుకున్నారు. తర్వాతి ఇంటికి వెళ్ళిపోయేం. ఎంతసేపు పట్టిందంటారు? ఒక కాకి కప్పు మీంచి లేచి పక్క కప్పు మీద వాలినంతసేపు. ఆ కాకి మా పెంకుల అంచు మీంచే లేచింది. అది మాత్రం బాగా గుర్తు.

ఎందుకన్నాను? కోపంతోనా? ఆ క్షణంలో కోపం లేదు, ఒట్టు. చిన్న సరదాలాంటిది ఉంది. మైకుకి రానావిడ పేరు కాగితానికి మాత్రం ఎందుకు ఎక్కాలి అన్నట్టు. ఇంటికొచ్చేసరికి సరదా పోయింది. రేపు వెళ్ళి దిద్దించేద్దాం అనుకున్నాను. ఆ రేపు ఎంత మంచిదో! ఎన్నిసార్లు వాయిదా వేసినా ఏమీ అనుకోదు.

జాబితా పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించేరు. మిగతా మూడు కుటుంబాలకీ పక్కా ఇళ్ళొచ్చేయి. వీరవేణి పేరు లేదు. కొన్నాళ్ళకి తెల్లకార్డు తీసేసుకుని గులాబీ కార్డు ఇచ్చేరు. దానికి చవక బియ్యం రావు. పేరుకే గులాబీ, అందులో ముళ్ళన్నీ ఆవిడకీ వాసన నాకూ మిగిలేయి. ఆ వాసన ఇప్పటికీ పోలేదు.

ఆవిడ తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఇంకెక్కడికి వెళ్తుంది?

"అన్నయ్యగారూ, గట్టు మీంచి చూసి పెంకుటిల్లని రాసేసుకున్నారంటండీ. దిగి చూస్తే తెలిసేది కదండీ. మీరున్నారు గానీ, పాపం మీరేం చేస్తారు, మిమ్మల్ని అడిగుండరు. ఒక అర్జీ రాసిపెట్టండి."

రాసేను. నా జన్మలో అంత బాగా ఏ అర్జీ రాయలేదు. మట్టిగోడలు, తడిక, పెంకులు సంఘం దానమని, అన్నీ ఉన్నాయి. ఉపమానాల్లేవు. కింద ఆవిడ వేలిముద్ర వేసింది. పీచు పని చేసి చేసి అరిగిపోయిన వేలు, గీతలు సరిగా పడక రెండుసార్లు వెయ్యాల్సొచ్చింది. "నేనే తీసుకెళ్ళి ఇచ్చొస్తాలే అమ్మా, నీకు కూలి పోతుంది" అన్నాను. చూసేరా, అక్కడా మంచివాణ్ణే.

బస్సెక్కి వెళ్ళేను. ఆఫీసు వరండాలో బల్ల దగ్గర ఆ సర్వే ఆయనే కూచుని ఉన్నారు. అర్జీ ఇస్తే చదువుతారు. చదివి, "ఇది మీరు చెప్పిందే కదండీ?" అంటారు. చుట్టూ మా మండలం జనం. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. కాసేపు నోటీసుబోర్డు చదివేను. ఏం చదివేనో తెలీదు. తర్వాత బయటికొచ్చి సోడా తాగి, వచ్చిన బస్సెక్కి ఇంటికొచ్చేసేను.

ఆ అర్జీ నా ట్రంకుపెట్టెలో, పాత కరపత్రాల అడుగున ఇప్పటికీ ఉంది.

"ఏవన్నా తెలిసిందాండీ?" అని ప్రతి సోమవారం వచ్చేది. "ఫైలు నడుస్తోందమ్మా" అనేవాణ్ణి. నడిచింది ఫైలు కాదు, ఆవిడ. మిల్లు నుంచి మా ఇంటిదాకా, మా ఇంటి నుంచి పేటదాకా. వీధిలో గాజుల చప్పుడు వినిపిస్తే పెరట్లోకి పోయి, దూడ లేని కొట్టం తుడిచేవాణ్ణి. "ఉన్నట్టుండి మీకు శుభ్రం మీద భక్తి ఎక్కువైందేంటండీ?" అని మా ఆవిడ నవ్వేది. ఆవిడకీ చెప్పలేదు.

ఆ మరుసటేడు వీరవేణి కువైట్ వెళ్ళిపోయింది, ఎవరింట్లోనో వంటపనికి. మా వైపు ఆడవాళ్ళు గల్ఫు వెళ్ళడం కొత్త కాదు, ఊరికి పదిమంది ఉంటారు. వెళ్ళకపోతే గడవక వెళ్తారు. అర్జీ ఇచ్చి ఉంటే వెళ్ళేది కాదా? ఏమో, వెళ్ళేదేమో. ఈ ఏమోని పట్టుకుని వేలాడాలని చాలాసార్లు చూసేను. ప్రతిసారీ దాన్ని తెంపేసేది ఆవిడ వెళ్ళేరోజు అన్న మాట. కూతుర్ని కాట్రేనికోనలో అక్క దగ్గర వదిలేసి వచ్చి, ఎర్రబడ్డ కళ్ళతో మా అరుగు దగ్గర నిలబడింది.

"బియ్యం కార్డు వచ్చుంటే పిల్లని వదిలి వెళ్ళేదాన్ని కాదండీ. ఎప్పటికైనా కాగితం వస్తే మా అక్కకి కబురెట్టండి అన్నయ్యగారూ. మరిచిపోకండేం."

మరిచిపోలేదు. ఆ ఒక్క కోరికా తీర్చేను.

ఏడేళ్ళకి తిరిగొచ్చింది. ఏడేళ్ళప్పుడు నాన్న లేని పిల్ల, పదిహేనేళ్ళప్పుడు అమ్మ ఉన్నా అమ్మా అనడానికి సిగ్గుపడే పిల్ల అయింది. పెద్దమ్మ కొంగు వెనక నుంచి, "ఆవిడొచ్చేరు" అందట. ఇది నాకు వీరవేణే చెప్పింది, నవ్వుతూ. ఆ నవ్వు పాత నవ్వు కాదు. ఎదుటివాడు నవ్వకముందే ఆపేసుకునే నవ్వు.

పేటలోనే చిన్న డాబా కట్టుకుంది. పెంకులు దించించి, ఒక్కటీ పగలకుండా కడిగించి, సంఘానికి తిరిగి పంపింది, ఇంకో పాకకి పనికొస్తాయని. ఆ ఏడు సంఘం వార్షికోత్సవానికి ఎవరూ పిలవకుండానే వచ్చింది. వేదిక ఎక్కింది. నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"నాకు మాటాడ్డం చేతకాదండీ. అప్పుడు పిలిస్తే రాలేదు, పొగరనుకున్నారేమో. సిగ్గండీ. దేశం కాని దేశం వెళ్ళిపోయినా ఈ పెంకులు గుర్తొచ్చేవి. అన్నయ్యగారు నా కాగితం కోసం ఎంత తిరిగేరో నాకు తెలుసు. వారికి నమస్కారం."

జనం చప్పట్లు కొట్టేరు. నాకు దండ వేయించేరు. ఏ దండ కోసం ఒక ఇంటిని ముంచేనో, ఆ దండే. మెళ్ళో వేసుకున్నాను. అదీ రాయాలి కదా. ఇక్కణ్ణించి తప్పించుకుంటే ఇదంతా రాసి ఏం లాభం? వేసుకుని, చేతులు జోడించి, ఫొటోకి నిలబడ్డాను. ఆ రోజు నన్ను దాత అన్నారు. దాచినవాణ్ణి కూడా దాతే అంటారేమో మన భాషలో.

సభ అయ్యేక కువైట్ ఖర్జూరాలు ఒక పొట్లం, ఒక సెంటు సీసా ఇచ్చింది. ఖర్జూరాలు మా ఆవిడ ఇరుగుపొరుగుకి పంచింది. సెంటు సీసా నేను విప్పలేదు. అర్జీ పక్కనే పెట్టేను. ట్రంకుపెట్టె మూత తీస్తే రెండూ నన్నే చూస్తాయి.

ఆవిడకి చెప్పాలని మూడుసార్లు బయల్దేరేను. మొదటిసారి గట్టు దాకా. రెండోసారి ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, "పిల్ల చదువెలా ఉందమ్మా?" అని అడిగి వచ్చేసేను. మూడోసారి నోరు కూడా తెరిచేను. ఆవిడ కుర్చీ తుడిచి వేసింది. ఆ కుర్చీలో కూచుని ఎలా చెప్పడం? చెప్తే నాకు తేలిక. ఆవిడకి? ఎవరూ చెయ్యలేదనుకుని ఓర్చుకున్న కష్టం ఒకడు చేసిందని తెలుస్తుంది. నమస్కారం పెట్టిన చేతులు ఎక్కడ పెట్టుకుంటుంది? ఇలా అనుకుంటాను. తర్వాత, ఇది కూడా నా పిరికితనానికి నేను కప్పిన పెంకేనేమో అనుకుంటాను. ఏది నిజమో తేల్చుకోలేకపోతున్నాను.

పోయిన నెల మళ్ళీ సర్వే వచ్చింది. వేరే ఆయన. ఆ పెంకులే ఇప్పుడు చేపలమ్ముకునే ఒక ముసలావిడ పాక మీద ఉన్నాయి. ఆయనా గట్టు మీదే ఆగి, "కప్పు పెంకు కదండీ?" అన్నారు. "చెప్పులు విప్పి దిగండి బాబూ" అని నేనే ముందు దిగేను. ఆయన విసుక్కుంటూ వెనక వచ్చేరు. గోడలు చూసేరు, పాక అని రాసుకున్నారు. కాళ్ళు కాలవలో కడుక్కుని వచ్చేం.

అంతే పని. చెప్పులు విప్పి దిగినంత. పదకొండేళ్ళ కిందట కూడా అంతే. ఆ సంగతి తెలిసేక మనసు తేలికవ్వాలి కదా, ఇంకా బరువెక్కింది. అందుకే ఇవాళ మధ్యాహ్నం భోజనమైనా చెయ్యకుండా కూచుని రాస్తున్నాను. క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు, ఇవ్వాల్సింది మీరు కాదు. రేపు ఆవిడ గుమ్మం దాకా వెళ్తానని కూడా రాయను. నా రేపుల సంగతి మీకు తెలుసు.

ఒక్క పని మాత్రం చేస్తాను. ఆ రోజు గట్టు మీద పెన్ను ఆనించి ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు బాకీ ఉండిపోయింది. ఎవరూ వినకపోయినా, ఈ కాగితం మీదైనా, ఒకసారి సరిగా చెప్పనివ్వండి.

ఆయ్, అదీ పాకేనండీ. మట్టిగోడలు. పెంకులు మావి.